ఇంట్లో కూర్చుని చేసే పనికి ఓ చరిత్ర

కంప్యూటర్ల చరిత్ర రాసేవాళ్ళకి రెండు విషయాలంటే మహా ఇష్టం: యుద్ధం, గణితం. శత్రువుల రహస్య సందేశాలు విప్పడం, ఫిరంగి గుండు ఎక్కడ పడుతుందో లెక్కకట్టడం, చంద్రుడి మీదకి మనిషిని పంపడం. ఈ మధ్యలో ఓ బట్టల కొట్టు బిల్లు గానీ, రైసుమిల్లు గోనెసంచుల లెక్క గానీ, చీటీల కంపెనీ బకాయిల జాబితా గానీ ఎక్కడా కనపడవు. నేను పాతికేళ్ళుగా తింటున్న తిండి మాత్రం వీటి మీదే.

నేను ఏ కంపెనీలోనూ ఉద్యోగిని కాను. విజిటింగు కార్డు మీద స్వతంత్ర సాఫ్ట్‌వేర్ ఇంజనీరు అని ఉంటుంది. మా వీధిలో 'కంప్యూటర్ పని చేసే ఆవిడ' అంటారు, అదే బాగుంటుంది నాకు. ఒక వ్యాపారం ఎలా నడుస్తుందో అక్కడ కూర్చుని చూసి, విని, వాళ్ళ ఒక్కళ్ళకే సరిపోయేలా ప్రోగ్రాం రాయడం నా పని. కొలతలు తీసుకుని జాకెట్టు కుట్టడం లాంటిదే. బజార్లో దొరికే రెడీమేడ్ ప్యాకేజీ ఎవరికి చంకలో పట్టేస్తుందో వాళ్ళు నా దగ్గరికి వస్తారు.

1986లో స్త్రీ శక్తి సంఘటన 'మనకు తెలియని మన చరిత్ర' తెచ్చాక, తెలంగాణ పోరాటంలో ఆడవాళ్ళు ఏంచేశారో వాళ్ళనే అడగాలని మనందరికీ తెలిసొచ్చింది. పోరాటాల్ని అలా అడగడం నేర్చుకున్నాం కానీ ఆఫీసుల్ని, కౌంటర్లని, లెక్కల పుస్తకాల్ని అంతగా అడగలేదనిపిస్తుంది. నా వృత్తి ఎక్కడ పుట్టింది? ఎవరు, ఎందుకు పుట్టించారు? ఈ ప్రశ్నతో వెతుక్కుంటూ పోతే లండన్‌లో ఒక టీ షాపుల కంపెనీ దగ్గర తేలాను.

జె. లయన్స్ అనే ఆ కంపెనీకి ఊరంతా టీ షాపులు, వాటికి కేకులూ రొట్టెలూ సరఫరా చేసే పెద్ద బేకరీలు ఉండేవి. టీ అందించే అమ్మాయిల్ని 'నిప్పీ'లు అని ముద్దుగా పిలిచేవారు. కేకు మీద దక్కే లాభం కొద్ది పైసలే. కానీ దాన్ని లెక్కకట్టే గుమస్తాల జీతాలు బోలెడు. అందుకని ఆ కంపెనీ కేంబ్రిడ్జి విశ్వవిద్యాలయం కంప్యూటర్‌ని నమూనాగా పెట్టుకుని సొంతంగా ఒకటి తయారు చేసుకుంది. పేరు లియో. 1951 నవంబరులో అది బేకరీ సరుకుల విలువ లెక్కలు చేసింది. రోజువారీ వ్యాపారం పని చేసిన మొట్టమొదటి కంప్యూటర్ అదేనంటారు. 1954కి అక్కడి ఉద్యోగుల జీతాలు కూడా అదే కట్టేది. ఒక మనిషి జీతం లెక్కకి గుమస్తాకి ఎనిమిది నిమిషాలు పడితే దానికి ఒకటిన్నర సెకన్లు సరిపోయిందని గొప్పగా చెప్పుకుంటారు. ఆ ఎనిమిది నిమిషాలూ కూర్చుని లెక్కలు కట్టినవాళ్ళలో ఎక్కువమంది పెళ్ళికాని అమ్మాయిలే.

నన్ను కట్టిపడేసింది జీతాల లెక్క కాదు, టీ షాపుల ఆర్డర్ల లెక్క. ప్రతి షాపుకీ వారంలో ఏ రోజు ఏ సరుకు ఎంత కావాలో మామూలు ఆర్డరు ఒకటి ముందే రాసి ఉంచారు. షాపు నడిపే ఆవిడ రోజూ మొత్తం జాబితా రాసి పంపనక్కర్లేదు. ఇవాళ వాన, రొట్టెలు తగ్గించండి. రేపు దగ్గర్లో ఆట పోటీ ఉంది, కేకులు పెంచండి. ఈ మార్పులు మాత్రమే ఫోన్లో చెబితే, అవతల ఇంకొక అమ్మాయి విని కార్డుల మీద చిల్లులు కొడుతుంది. కంప్యూటర్ మిగతా లెక్క చూసుకుంటుంది. ఈ పద్ధతికి పేరొచ్చింది డేవిడ్ కామినర్ లాంటి మగవాళ్ళకి. వాళ్ళు తెలివైనవాళ్ళే, కాదనను. కానీ వానపడితే ఎన్ని రొట్టెలు మిగిలిపోతాయో ఆ మెషీన్‌కి తెలీదు, కామినర్‌కీ తెలీదు. కౌంటర్ వెనకాల నిలబడ్డ ఆవిడకి తెలుసు. ఆవిడకి తెలిసినదాన్ని ఒక గడిలోకి ఎక్కించడమే ప్రోగ్రాం అంటే. నేను ఇవాళ్టికీ చేసేది అదే.

లియో దగ్గర ప్రోగ్రాములు రాసినవాళ్ళలో మేరీ కూంబ్స్ ఉంది. ఫ్రెంచి, చరిత్ర చదువుకుంది. లయన్స్ ఐస్‌క్రీం అమ్మకాల విభాగంలో గుమస్తాగా చేరి, కంపెనీ పెట్టిన పరీక్ష నెగ్గి 1952లో కంప్యూటర్ దగ్గరికి వెళ్ళింది. వ్యాపారాల కోసం ప్రోగ్రాములు రాసిన తొలి మహిళగా ఆమెని ఇప్పుడు గుర్తు చేసుకుంటున్నారు. 2022లో చనిపోయింది. అమెరికాలో గ్రేస్ హోపర్ సంగతి మీకు తెలిసే ఉంటుంది. వ్యాపారం చేసేవాడు చదివినా అర్థమయ్యేలా ఇంగ్లీషు మాటలతో ప్రోగ్రాం రాయొచ్చని పట్టుబట్టి ఫ్లోమ్యాటిక్ అనే భాష తయారు చేసింది. అన్ని కంపెనీల కంప్యూటర్లకీ కలిపి ఒకే వ్యాపార భాష ఉండాలని 1959లో మొదట అడిగింది మేరీ హాస్ అనే ఇంకొకావిడ. అలా వచ్చిన కోబాల్‌తో బ్యాంకులూ బీమా కంపెనీలూ ఇప్పటికీ నడుస్తున్నాయి.

ఇంతమంది ఆడవాళ్ళు ఎలా వచ్చారు ఇందులోకి? ఎవరో తలుపులు తెరిచి ఆహ్వానించారని కాదు. దీన్ని గుమస్తా పని అనుకున్నారు, అందుకు. మార్ హిక్స్ 2017లో రాసిన 'ప్రోగ్రామ్డ్ ఇనీక్వాలిటీ' ఈ సంగతిని బ్రిటన్ ప్రభుత్వ కాగితాలతోనే నిరూపిస్తుంది. అక్కడ ప్రభుత్వోద్యోగాల్లో సమాన వేతనం 1955లో ఒప్పుకుని 1961 కల్లా అమలు చేశారు. మెషీన్ల దగ్గర పనిచేసే గ్రేడుల్ని మాత్రం మినహాయించారు. ఆ గ్రేడుల్లో పోల్చడానికి మగవాళ్ళే లేరు, మరి ఎవరితో సమానం? అదీ వాళ్ళ తర్కం. కంప్యూటర్ చేతిలో ఉంటే అధికారం చేతిలో ఉన్నట్టేనని పైవాళ్ళకి అర్థమయ్యాక మగవాళ్ళని తెచ్చి ఆ కుర్చీల్లో కూర్చోబెట్టారు. అప్పటిదాకా పనిచేసిన ఆడవాళ్ళే వాళ్ళకి పని నేర్పాల్సి వచ్చింది.

ఉన్నవాళ్ళు కూడా పెళ్ళిదాకానో గర్భందాకానో ఉండేవారు. మనదేశంలోనూ అంతే కదా. పెళ్ళి చేసుకోవాలంటే ప్రభుత్వం అనుమతి కావాలన్న విదేశాంగ సర్వీసు నిబంధన మీద సి.బి. ముత్తమ్మ సుప్రీంకోర్టుకి వెళ్ళింది, 1979లో తీర్పు వచ్చింది. మొదటి గర్భంతోనే ఎయిర్ హోస్టెస్ ఉద్యోగం ఊడిపోయే నిబంధనను అదే కోర్టు 1981లో కొట్టేసింది. అప్పటిదాకా ఎంతమంది చదువుకున్న ఆడవాళ్ళు, పని తెలిసిన ఆడవాళ్ళు ఇళ్ళల్లోకి వెళ్ళిపోయారో ఎవరూ లెక్కపెట్టలేదు.

స్వతంత్రంగా ప్రోగ్రాములు రాసి అమ్మే వృత్తి పుట్టింది సరిగ్గా ఈ వెళ్ళగొట్టిన చోటే.

అమెరికాలో మసాచుసెట్స్‌లో ఎల్సీ షట్ అనే ప్రోగ్రామర్ 1950ల చివర గర్భవతిగా ఉద్యోగం వదిలి, తనలాగే ఇళ్ళల్లో ఉన్న తల్లుల్ని కలుపుకుని కంప్యుటేషన్స్ ఇన్‌కార్పొరేటెడ్ అనే కంపెనీ పెట్టింది. పిల్లలు పడుకున్నాక రాత్రి కాగితం మీద ప్రోగ్రాం రాసేవారు. కంప్యూటర్ వాళ్ళ ఇంట్లో ఉండదు కదా, దాని దగ్గరికి వెళ్ళేది తర్వాత. బ్రిటన్‌లో డైనా సెయింట్ జాన్‌స్టన్ 1959లో వాన్ ప్రోగ్రామింగ్ సర్వీసెస్ పెట్టింది. కంప్యూటర్ అమ్మకుండా ప్రోగ్రాం ఒక్కటే అమ్మిన కంపెనీల్లో ఆ దేశంలో అదే మొదటిది. ఆవిడ కథ ఇంటి కథ కాదు, పక్కా వ్యాపారం. అందుకే కాబోలు పత్రికలు ఆవిడ జోలికి అంతగా పోలేదు.

స్టెఫనీ షర్లీ దగ్గర కొంచెం ఆగుతాను. 1933లో జర్మనీలో యూదు తండ్రికి పుట్టిన పిల్ల. అయిదేళ్ళప్పుడు, 1939లో, అక్కతో కలిసి రైలెక్కి ఇంగ్లండు చేరిన కాందిశీకురాలు. పోస్టాఫీసు పరిశోధన కేంద్రంలో పనిచేసింది, గణితం రాత్రి కాలేజీలో చదువుకుంది. ప్రమోషన్ల దగ్గర మాటిమాటికీ తల తగులుతుంటే విసిగిపోయి 1962లో ఆరు పౌన్లతో సొంతంగా కంపెనీ పెట్టుకుంది. పేరు ఫ్రీలాన్స్ ప్రోగ్రామర్స్. పెళ్ళో పిల్లలో అడ్డొచ్చి ఉద్యోగాలు మానేసిన ప్రోగ్రామర్లకి ఇంటి నుంచి పని ఇవ్వడం దాని ఉద్దేశం. అప్పట్లో ప్రోగ్రాం అంటే మెషీన్‌తో ఉచితంగా వచ్చేది. దాన్ని డబ్బిచ్చి కొనమనడమే వింత, అందులోనూ ఆడమనిషి అడగడం మరీ వింత. స్టెఫనీ అని సంతకం పెట్టిన ఉత్తరాలకి జవాబులు రాలేదు. భర్త సలహా మీద 'స్టీవ్' అని పెట్టింది. వచ్చాయి.

వెనకాల పసివాడి ఏడుపు వినపడకుండా టైపు మెషీను చప్పుడు టేపు మీద రికార్డు చేసి, ఫోను మోగినప్పుడల్లా అది పెట్టేదట. దీన్ని ఉపన్యాసాల్లో చెప్పి ఆవిడ నవ్వించేది, వినేవాళ్ళు నవ్వేవాళ్ళు. నేను నవ్వలేకపోయాను. నా మొదటి రోజుల్లో ఫోనొస్తే పరుగెత్తి కుక్కరు కింద మంట తగ్గించేదాన్ని. అవతలివాళ్ళు ఒక్క నిమిషం ఆగి, "సార్ లేరాండీ?" అనేవారు. "ఏ సార్?" అంటే నొచ్చుకునేవారు.

వాళ్ళు రాసింది ఆషామాషీ ప్రోగ్రాములు కాదు. గూడ్సు రైళ్ళ షెడ్యూళ్ళు, బస్సుల టైముటేబుళ్ళు, ఎక్కడ చూసినా స్టాకు లెక్కలు. కంకార్డ్ విమానం బ్లాక్ బాక్సు సమాచారాన్ని విశ్లేషించే ప్రోగ్రాం కూడా ఈ ఇళ్ళల్లోంచే వచ్చింది. మొదటి మూడొందల మందిలో మగవాళ్ళు ముగ్గురే. 1975లో లింగవివక్ష నిషేధ చట్టం వచ్చాక ఆడవాళ్ళనే తీసుకుంటాం అనడం చట్టవిరుద్ధం అయింది. ఆడవాళ్ళ కోసం తెచ్చిన చట్టానికి మొదట తలవంచాల్సింది ఆడవాళ్ళ కంపెనీ అయింది. మగవాళ్ళే ఉన్న కంపెనీలకి ఆ తొందర ఏమీ కలగలేదు.

ఈ కథ చెప్పినప్పుడల్లా మన మిత్రులు 'చూశారా, ఇంటి నుంచి పని ఆడవాళ్ళకి ఎంత విముక్తో' అంటారు. నాకు అంత తేలిగ్గా అనిపించదు. ఎవరినైనా పనిలో చేర్చుకునేముందు షర్లీ అడిగే ప్రశ్నల్లో ఒకటి: మీకు ఫోను అందుబాటులో ఉందా? 1960ల ఇంగ్లండులో ఫోను అందరి ఇళ్ళల్లోనూ లేదు. అంటే ఈ తలుపు తెరుచుకుంది ముందే కంప్యూటర్ పని నేర్చుకుని, ఫోనున్న ఇంట్లో, పక్కన ఇంకో గది ఉన్న ఆడవాళ్ళకి. లయన్స్ కార్డులకి చిల్లులు కొట్టిన అమ్మాయికి కాదు. రెండోది, ఆ ఇళ్ళల్లో మొగుళ్ళు ఏం చేశారు? పొద్దున్నే ఆఫీసుకి వెళ్ళి సాయంత్రం వచ్చారు. చాకిరీ ఎక్కడిదక్కడే ఉంది, దాని మీద ప్రోగ్రాం అదనం. స్వతంత్రంగా చేసేవాళ్ళు కాబట్టి పని లేని నెల డబ్బూ లేదు, జ్వరమొస్తే సెలవూ లేదు. షర్లీ కొడుకు 1963లో పుట్టాడు, తీవ్రమైన ఆటిజం ఉన్న పిల్లవాడు. అతన్ని చూసుకుంటూ కంపెనీ నడపడం ఎలాంటిదో 'లెట్ ఇట్ గో' అనే ఆత్మకథలో ఆవిడ ఏమీ దాచకుండా రాసింది. ఒళ్ళు, మనసు రెండూ కుప్పకూలి ఆస్పత్రిలో పడిన రోజులతో సహా. 'విముక్తి' అనేవాళ్ళు ఆ పేజీలు చదివారో లేదో.

మరి ఆవిడ కంపెనీ వల్ల ఒరిగిందేమిటి? ఇంటి నుంచి పని కాదు నా దృష్టిలో, వాటాలు. కంపెనీలో పావువంతు ఉద్యోగులకి ఊరికే ఇచ్చేసింది. 1990ల మొదటికి యాజమాన్యం చాలావరకు పనిచేసేవాళ్ళ చేతికి వచ్చింది. 1996లో షేర్ మార్కెట్‌కి వెళ్ళాక డెబ్భైమంది దాకా లక్షాధికారుల్ని మించిపోయారు, మిలియన్ పౌన్ల వాళ్ళయ్యారు. ఇంట్లో కూర్చుని పనిచేసినవాళ్ళు తాము చేసిన పనికి హక్కుదారులు కావడం నేను ఇంకెక్కడా వినలేదు. మన బీడీలు చుట్టే ఆడవాళ్ళూ, నర్సాపురం లేసు అల్లే ఆడవాళ్ళూ ఇంట్లో కూర్చునే చేశారు ఎన్నో తరాలు. మరియా మీస్ 1982లో రాసిన నర్సాపురం పుస్తకం మనలో చాలామంది చదివిందే. 'ఖాళీ టైములో చేసుకునేది' అని పేరు పెట్టి వాళ్ళ పనిని పని కాకుండా చేశారని ఆవిడ చూపించింది. లేసు దారానికీ ప్రోగ్రాముకీ మధ్య తేడా నేను మొదట చాలా ఉందనుకున్నాను. చదువుతున్నకొద్దీ ఆ తేడా తగ్గుతూ వచ్చింది.

ఇంకో సంగతి. షర్లీ 1993లో రిటైరైంది. ఆ కంపెనీ 1997లో మనదేశంలో ఐఐఎస్ ఇన్ఫోటెక్‌ని కొంది, తర్వాత జాన్సా అని పేరు మార్చుకుంది, 2007లో ఫ్రెంచి కంపెనీలో కలిసిపోయింది. ఇంగ్లండు తల్లుల ఇళ్ళల్లో మొదలైన పని చివరికి నోయిడా, చెన్నై ఆఫీసులకి తరలింది. అక్కడ రాత్రి షిఫ్టు క్యాబు ఎక్కే అమ్మాయికి ఆ కంపెనీ ఎందుకు పుట్టిందో ఎవరైనా చెప్పి ఉంటారా? షర్లీ 2025 ఆగస్టులో, తొంభై ఒక్కో ఏట చనిపోయినప్పుడు నాకు ఇదే గుర్తొచ్చింది.

నా సంగతి క్లుప్తంగా చెప్తాను. 1998లో హైదరాబాదులో సైబర్ టవర్స్ ప్రారంభమైన ఏడాది నేను అక్కడే ఒక చిన్న కంపెనీలో ఉన్నాను. ఏడోనెల గర్భంతో రాత్రి పదింటిదాకా ఉండలేనన్నాను. "మీ ఇష్టం మేడం" అన్నారు. ఆ మూడు మాటల్లో ఏముందో చదివేవాళ్ళకి విప్పి చెప్పక్కర్లేదు. విజయవాడ వచ్చేసి, పాపకి ఆరో నెలలో వన్‌టౌన్‌లో ఒక హోల్‌సేల్ బట్టల కొట్టుకి ఫాక్స్‌ప్రోలో బిల్లింగ్ రాశాను. అక్కణ్ణించి ఒకరు చెప్పి ఒకరు. 2005 ఏప్రిల్లో వ్యాట్ వచ్చినప్పుడు ఆ కొట్లన్నిటి బిల్లులూ మార్చాను. 2017 జూలైలో జీఎస్టీ వచ్చినప్పుడు నెలన్నర సరిగ్గా నిద్రపోలేదు. ప్రభుత్వాలు పన్ను మార్చినప్పుడల్లా పత్రికలు వ్యాపారుల బాధ రాస్తాయి. ఆ రాత్రుళ్ళు మేలుకునేది ఎవరో రాయవు. అదే ఏడాది ప్రసూతి సెలవు ఇరవై ఆరు వారాలకి పెరిగింది. చాలా సంతోషం. యజమాని లేని ఆడమనిషికి ఆ వారాలు ఎవరిస్తారో చట్టంలో వెతికాను, దొరకలేదు.

పని కుదిరాక యజమాని నన్ను ఏసీ గదిలో కూర్చోబెట్టి తన వ్యాపారం గురించి గంట చెప్తాడు. అంతా రాసుకుంటాను. ఆ తర్వాత బయటికొచ్చి, లెక్కలు రాసే ఆవిడ పక్కన స్టూలు వేసుకుంటాను. అసలు వ్యాపారం అక్కడ తెలుస్తుంది. ఏ ఊరి బేరగాడు పండక్కి గానీ బాకీ తీర్చడు, ఏ రంగు చీర వెనక్కొచ్చినా అడక్కుండా తీసుకోవాలి, అన్నీ ఆవిడ పుస్తకం అంచున చిన్న చిన్న గుర్తులుగా ఉంటాయి. ఇది ముందే చెప్పలేదేమండీ అంటే, "మామూలే కదండీ, ఇందులో చెప్పడానికేముంది" అంటుంది. టీ షాపు ఆవిడ మామూలు ఆర్డరు లాంటిదే ఆ 'మామూలే'. నా ప్రోగ్రాం పూర్తయ్యాక ఆ గుర్తులన్నీ నా గడుల్లోకి వస్తాయి, ఆవిడ అవసరం యజమానికి తగ్గుతుంది. 1960ల్లో కలకత్తాలో ఎల్ఐసీ ఉద్యోగులు కంప్యూటర్ లోపలికి రాకుండా నెలల తరబడి కాపలా కాశారు. వాళ్ళని అభివృద్ధి నిరోధకులని వెక్కిరించడం తేలిక. వాళ్ళకి యూనియన్ ఉంది, కాపలా కాయగలిగారు. నా స్టూలు పక్కావిడకి అదీ లేదు. అందుకే పని ఒప్పుకునేముందే, కొత్త ప్రోగ్రాం మీద పనిచేసేది ఆవిడేనని కాగితం మీద రాయించుకుంటున్నాను. కొందరు నవ్వుతారు. కొందరు రాసిస్తారు.

నాలుగేళ్ళ కిందట ఒక రెడీమేడ్ దుస్తుల యూనిట్‌కి హాజరు, కూలి లెక్కలు చేయమన్నారు. నూట ఇరవై మంది, ఇద్దరు కటింగు మాస్టర్లు తప్ప అందరూ ఆడవాళ్ళు. పీసు రేటు. అంతా అయ్యాక యజమాని ఇంకొక కాలమ్ అడిగాడు. మెషీన్ దగ్గర్నుంచి లేచిన నిమిషాలు. బాత్రూంకి వెళ్ళినా, మంచినీళ్ళకి వెళ్ళినా.

"పీసు రేటు కదండీ, లేస్తే వాళ్ళ కూలే తగ్గుతుంది, మీకెందుకు ఆ లెక్క?" అన్నాను.

"ఊరికే చూసుకోడానికి మేడం. మీరు కాలమ్ పెట్టండి చాలు."

ఊరికే చూసుకునే కాలమ్ అంటూ ఏదీ ఉండదని పాతికేళ్ళుగా చూస్తున్నాను. ఎక్కడ నిమిషాలు రాస్తే అక్కడ కోత వస్తుంది. పెట్టనన్నాను. మిగిలిన డబ్బు ఇవ్వకుండా ఇంకో కుర్రాడి చేత పెట్టించుకున్నాడు. నేను మానేస్తే ఆ కాలమ్ ఆగలేదు, ఆగుతుందనీ అనుకోలేదు. షర్లీ అంత కంపెనీ ఉండి, మూడొందల మందిమి కలిసి పెట్టం అంటే ఆగేదేమో. ఒంటరిగా, పక్కగదిలో, ఒక లాప్‌టాప్‌తో పనిచేసేవాళ్ళం విడివిడిగా కాదంటాం, ఎవరికీ వినపడదు.

ఆ తర్వాత దొరికిన కుట్టు యూనిట్ చిన్నది, ముప్ఫైమంది. అక్కడ నా షరతు ఒకటి పెట్టాను. వారానికోసారి ప్రతి మనిషి చేతికీ తెలుగులో చీటీ రావాలి. ఎన్ని పీసులు, ఏ రేటు, ఎన్ని వెనక్కొట్టారు, ఎందుకు. రెండో శనివారం వెళ్ళేసరికి ఒకావిడ ఆ చీటీని, జాకెట్లోంచి తీసిన చిన్న నోటు పుస్తకాన్ని పక్కపక్కన పెట్టి వేలితో లెక్క చూసుకుంటోంది. పదకొండు కాలర్లు తేడా వచ్చింది. సూపర్‌వైజర్ని పిలిచి రెండూ చూపించింది. తర్వాత నావైపు తిరిగి, "అమ్మా, వెనక్కొట్టినవాటి కింద ఎవరు కొట్టారో పేరు కూడా పడేలా చెయ్యవా?" అంది. ఆ సోమవారం ఆ పేరుకి ఒక గడి చేర్చాను.